ఏడో చప్పుడు

నిలకడ లేని పిల్లల మెదడును ఫొటోలు తీసి పరిశీలించే స్కానింగ్ గదిలో, వాళ్లను కదలకుండా పడుకోబెట్టే పని పెద్దాయనది. "చదివింది ఊరిబడిలో ఐదో తరగతే. కానీ పదకొండేళ్లలో నా చేతిమీద ఒక్క ఫొటో చెదరలేదమ్మా!" అని చొక్కా గుండీ సవరించుకుంటూ ప్రతి తల్లికీ చెబుతాడు. ఆయన సెలవులో ఉండగా ఒక ఎనిమిదేళ్ల పిల్ల రెండుసార్లు కదిలిపోయింది. ఈసారీ కదిలితే మత్తుమందు తప్పదన్నారు డాక్టరమ్మ. "దీనికి దేనిమీదా ధ్యాస నిలవదు బాబాయ్," అని తల్లి కళ్లు తుడుచుకుంది. పెద్దాయన పిల్ల వైపు వంగి, "ఈ మిషను ఆరు రకాలుగా అరుస్తుంది. సరిగ్గా ఆరేనేమో విని చెప్పు తల్లీ," అన్నాడు.

ఇరవై నిమిషాలు పిల్ల కాలివేలు కూడా కదల్లేదు. బయటికి వస్తూనే, "ఆరు కాదు తాతా, ఏడు! చివర్లో పిచ్చుకలా కీచుమంది, వినలేదా?" అంది. తర్వాతి స్కానుకు ఆయన చెవులు రిక్కించాడు. నిజమే.

ఇప్పుడు ప్రతి తల్లికీ ఇంకో ముక్క కలిపి చెబుతున్నాడు: "ఏడోది కనిపెట్టింది మా మనవరాలే!"