తప్పంతా నీళ్ళదే

లాండ్రీ మావయ్యగారికి లోకంలో ఒకే ఒక్క శత్రువు, కుళాయి. బల్బు మాడినా, గడియారం ఆగినా, కుర్చీ కాలు విరిగినా తప్పు నీళ్ళదే. ఒకసారి మెట్ల మీంచి జారిపడి, ఇంకా లేవకుండానే కుళాయి వైపు వేలు చూపించారు. ఆ రోజు కుళాయిలో చుక్క కూడా రాలేదు.

నిజం చెప్పాలంటే నీళ్ళూ తక్కువవి కావు. ఒళ్ళంతా సున్నమే. ఆ ఊళ్ళో సబ్బు నురగ రావాలంటే దాని కాళ్ళావేళ్ళా పడాలి. ఆరిన తువ్వాలును గుమ్మం పక్కన ఆనిస్తే కాపలావాడిలా నిటారుగా నిలబడేది. బకెట్టు లోపల పొర మీద పొర కట్టి, కొన్నాళ్ళకు అది చెంబెడు నీళ్ళు కూడా పట్టేది కాదు. హీటరు తీగ అయితే చలికాలం రాకముందే తెల్ల కంబళి కప్పుకునేది.

కొత్త కోడలికి ఇదంతా వింతగా ఉండేది. వచ్చిన వారంలోనే కొట్టు తాళం ఇరుక్కుంది.

"తాళం తిరగట్లేదు మావయ్యగారూ."

"నీళ్ళమ్మా."

"తాళానికి నీళ్ళేంటండీ?"

"వేసిన చెయ్యి ఏ నీళ్ళు తాగింది మరి!"

కొట్లో వెనక గది అత్తయ్యది. ఉతుకు, జాడింపు, ఆరబెట్టడం అన్నీ ఆవిడే. ముందు బల్ల మావయ్యగారిది. ఈ మధ్య ఆ బల్ల దగ్గర రోజూ పేచీయే.

"ఏమండీ, జేబు మీద సిరా మరక అలాగే ఉందే?" అన్నాడు బ్యాంకాయన.

"సిరా ఎప్పుడో పోయిందండీ. అది సున్నం."

"సున్నం నీలంగా ఉంటుందా?"

"మన ఊరి సున్నం కదండీ, ఎన్ని వేషాలైనా వేస్తుంది."

బ్యాంకాయన చొక్కా వైపోసారి, మావయ్యగారి వైపోసారి చూసి వెళ్ళిపోయాడు. కోడలికి తల కొట్టేసినట్టయింది. ఇలాగైతే కొట్టుకు మనిషన్నవాడు వస్తాడా?

అంతలో మున్సిపాలిటీవాళ్ళు నీళ్ళలో సున్నం తీసేసే యంత్రం పెడుతున్నారని తెలిసింది. ఊరు ఊరంతా సంబరపడింది. మావయ్యగారు మాత్రం గడప గడపకూ తిరిగారు.

"వద్దని చెప్పండి! ఈ నీళ్ళు తాగబట్టే మనం ఇంత గట్టిగా ఉన్నాం. మెత్తటి నీళ్ళు తాగితే వెన్నెముక జావైపోతుంది!"

నిన్నటిదాకా తిట్టిన నోటితోనే! కోడలు ఇక ఉండబట్టలేక అత్తయ్యతో చెబుదామని వెనక గదిలోకి వెళ్ళింది.

అత్తయ్య ఒక చొక్కా చెయ్యిని బ్రష్షు పెట్టి కసిగా రుద్దుతోంది. ఆ చెయ్యి మల్లెపువ్వులా ఉంది. మరక రెండో చేతి మీదుంది.

"రానీ మంచినీళ్ళు," అంటోంది అత్తయ్య, తొట్టిలోకి వంగి. "నా పనిలో ఎన్నడైనా మాట వచ్చిందా? ఈ ఏడే నీళ్ళు మరీ చెడ్డాయి. అవి బాగుపడనీ, ఒక్కొక్కటీ పాలలా తీస్తాను."

కోడలు చెప్పాలనుకున్నది మింగేసి, చడీచప్పుడు లేకుండా బయటికొచ్చింది. మావయ్యగారు బల్ల మీద లేని దుమ్ము తుడుస్తున్నారు.

"చూశావా?" అన్నారు మెల్లగా. "ఆ కళ్ళకి ఇంతకంటే చూపు రాదన్నాడు డాక్టరు. చూపు తగ్గిందని ఆవిడకీ తెలుసు. మరకలు మిగిలేది అందుకేనని తెలీదు. తెలిస్తే మళ్ళీ తొట్టి ముట్టుకోదు. తొట్టి లేకపోతే పొద్దస్తమానం నన్నే ఉతుకుతుంది తల్లీ!"

నవ్వబోయింది కోడలు. నవ్వు సగంలోనే ఆగిపోయింది.

మంచినీళ్ళు రానే వచ్చాయి. సబ్బు ముట్టుకుంటే చాలు, నురగ మోచేతులు దాటింది. అత్తయ్య మొదటి ఉతుకు తనే తెచ్చి బల్ల మీద పెట్టి, చీర కొంగుతో చెయ్యి తుడుచుకుంటూ అక్కడే నిలబడింది. అదే సమయానికి బ్యాంకాయన వచ్చి తన చొక్కా మడత విప్పి చూశాడు. కాలరు మీద అరచేయంత మరక.

మావయ్యగారు నోరు తెరిచారు. జన్మలో మొదటిసారి ఆ నోట్లోంచి నీళ్ళ మీద ఒక్క తిట్టూ రాలేదు.

"నీళ్ళేనండీ," అంది కోడలు గబుక్కున. "మరీ మెత్తన. మరకని గట్టిగా ఒక్క మాట కూడా అనలేకపోతున్నాయి."

బ్యాంకాయన ఆ చొక్కాను చాలాసేపు చూశాడు. తర్వాత అత్తయ్య మొహం చూశాడు.

"మా ఇంట్లోనూ ఇదే గోలమ్మా," అన్నాడు చొక్కా మడిచి చంకలో పెట్టుకుంటూ. "పాత నీళ్ళే నయం. ఇంకో రెండు జతలున్నాయి, రేపు పంపిస్తాను."

"ఈ నీళ్ళతో వేగలేకపోతున్నాను బాబూ," అంటూ అత్తయ్య హుషారుగా లోపలికి వెళ్ళిపోయింది.

ఆ సాయంత్రం కొట్టు మూసేటప్పుడు తాళం మళ్ళీ ఇరుక్కుంది. మావయ్యగారు కోడలి వైపు చూశారు.

"కొత్త నీళ్ళండీ," అంది కోడలు. "వేసే చేతికి పట్టు చాలట్లేదు."

మావయ్యగారు పొంగిపోయి, "రేపట్నించి ముందు బల్ల నీదేనమ్మా!" అన్నారు.

వాళ్ళ వెనకే నిలబడ్డ అత్తయ్య ఉతికిన బట్టల మూట చంక మార్చుకుంది.

"ముందు ఆ తాళంలో నాలుగు చుక్కలు నూనె వెయ్యండి మీరిద్దరూ," అంది. "నీళ్ళ సంగతి నేను చూసుకుంటాను."