అత్త పాడుచేసి పెట్టిన పాట

మా మేనత్త పోయింది. బొగ్గు గనిలో ఫస్టు షిఫ్టు ముగించుకుని పైకొచ్చి ల్యాంపు రూములో దీపం అప్పగిస్తుంటే, గేటు దగ్గర బావ నిలబడి ఉన్నాడని ఎవరో చెప్పారు. అత్త కొడుకు ఎప్పుడూ మా గని దాకా రాడు. ముఖం చూడగానే నాకు అర్థమైంది. "పొద్దుగాల చాయ్ తాగుకుంటనే పోయింది రా అమ్మ," అన్నాడు.

ఉన్నమాట చెబుతున్నాను, నాకు ఏడుపు కంటే ముందు కోపం వచ్చింది. ఎందుకో చెప్పాలంటే ఆమె నాకు పాఠం నేర్పిన తీరు చెప్పాలి.

గోదావరిఖనిలో మా చర్చి పాటల బృందాన్ని అత్తే నడిపేది. టీచరుగా రిటైరయ్యాక ముందుగదిలో ఒక కంప్యూటరు, మైకు పెట్టుకుని బృందం పాటలన్నీ తానే రికార్డు చేసేది. పాత కంప్యూటరు మూలనపడి కొత్తది కొంటే దాంతోపాటు పాటలు కూర్చే కొత్త సాఫ్ట్‌వేరూ వచ్చింది. తాను ఎలాగో నేర్చేసుకుంది గానీ అప్పటికే కళ్ళు సరిగా ఆనడం లేదు. "నా తర్వాత ఎవలు చేస్తరు? నువ్వు జల్ది నేర్సుకోవాలె," అని నా మెడకు చుట్టింది.

నేర్పడమంటే పక్కన కూర్చుని ఇది నొక్కు, అది నొక్కు అంటుందనుకున్నాను. కానీ ఆమె బాగా తయారైన పాట ఒకటి వినిపించి, "పోయి చాయ్ పెట్టుకరా" అని నన్ను వంటింట్లోకి తోలేది. తిరిగొచ్చేసరికి ఆ పాటలో ఏదో ఒకటి పాడుచేసి ఉండేది. తబలా వెంట్రుకవాసి వెనకపడేది, లేదంటే ఎవరి గొంతో బావిలోంచి వస్తున్నట్టుండేది. అదేదో నేను వెతికి బాగుచెయ్యాలి. కీబోర్డు మీద జెడ్ బటన్ నొక్కి తాను చేసిన మార్పునంతా నేను వెనక్కి తిప్పేస్తానని, దాని మీద గాయాలకు వేసే పట్టీ అంటించింది. మధ్యాహ్నం ఓపెన్‌కాస్టు గనిలో బ్లాస్టింగ్ జరిగి కిటికీలు అదిరితే, నేను అటు చూసేలోపు ఇటు ఇంకోటి మార్చేసేది.

షిఫ్టు దిగి నడుం పట్టేసి వచ్చిన మనిషితో ఆడే ఆటేనా ఇది? ఒకసారి హెడ్‌ఫోన్లు బల్ల మీద విసిరేశాను. "ఫోన్ల వీడియోలు చూస్తే అరగంటల వస్తది గదత్తా!" అని అరిచాను.

"చూసి నేర్సుకున్నది పొద్దుగూకేసరికి పోతది బిడ్డా. ఎతికి నేర్సుకున్నది యాడికి పోదు," అంటూ వాటిని కొంగుతో తుడిచి మళ్ళీ నా చేతిలో పెట్టింది.

నేను బాగుచేశాక కళ్ళు మూసుకుని పాటంతా వినేది. తాను చెడగొట్టిందే నేను సరిచేసి ఉంటే "గదే" అనేది. లేకపోతే "ఇంకా ఎతుకు" అనేది. మెచ్చుకోలు అన్నది ఆ నోట రాదు. ఆ "గదే" కోసం తల బద్దలు కొట్టుకునేవాణ్ణి. తిట్టుకుంటూనే నేర్చుకున్నాను. వానాకాలం పోయేసరికి ఆ సాఫ్ట్‌వేరులో ఏ మూల ఏముందో నా వేళ్ళకే తెలిసిపోయింది. ఆ రుణం నాకు తీరేది కాదు.

పోయే ముందురోజు ఫోన్ చేసింది. "కొత్త పాట అయిపోయింది. అండ్ల ఒకటి పాడుచేసి పెట్టిన. రేపు డ్యూటీ దిగి రా, దొరకవడతవో లేదో చూస్త," అని నవ్వింది.

ఈ ఆదివారం ఆమె జ్ఞాపకార్థం చర్చిలో జరిగే ఆదరణ కూడికలో ఆ పాటే వినిపించాలని బృందమంతా అడిగారు. సరేనన్నాను. వెతికితే రెండో చరణంలో డోలక్ ముందుకు జరిగి ఉంది. సరిచేశాను. పల్లవిలో ఆడవాళ్ళ గొంతులన్నీ ఎడమ పక్కకే ఒరిగి ఉన్నాయి. అదీ సరిచేశాను. ఒకటే పాడుచేశానంది కదా, మరి రెండెలా దొరికాయి? రెండింట్లో ఒకటి, పాట అలాగే ఉండాలని ఆమె పెట్టుకుందేమో. ఆమె పాటను బాగుచేస్తున్నానో పాడుచేస్తున్నానో తెలియడం లేదు. ఇంత నేర్పిన మనిషి ఆ ఒక్కటీ చెప్పి పోవద్దా?

ఈ సాయంత్రం అత్త ముందుగదిలో కూర్చుని పాట మళ్ళీ మొదటి నుంచి పెట్టాను. పాట చివరికొచ్చి ఆగింది. కీబోర్డు మీంచి చేతులు తీసి, అలవాటుగా పక్కకు తిరిగాను. కుర్చీలో ఆమె కళ్ళద్దాల డబ్బా, మడత పెట్టిన తువ్వాలు ఉన్నాయి. "గదే" అనే ఆ ఒక్కమాట కోసం అటే చూస్తూ కూర్చున్నాను.