అయిదో రోజున ఆపేసిన మందు

నా చిన్నప్పుడు, ఎనిమిదో ఏట, ఇంచుమించు ఇరవై రోజులు నేను నిలబడే గడిపాను. అన్నం నిలబడి తినేవాణ్ణి. బళ్ళో మాస్టారు కూర్చోమంటే గోడకు ఆనుకుని దిక్కులు చూసేవాణ్ణి. తోటి పిల్లలు నన్ను ‘కొంగ’ అని పిలవడం మొదలుపెట్టారు. ఎందుకు కూర్చోవురా అని ఎవరడిగినా జవాబు చెప్పలేదు. మలద్వారం చుట్టూ చర్మం మండిపోతోందని ఎనిమిదేళ్ళ పిల్లవాడు ఎవరితో చెప్పుకుంటాడు? ఇప్పుడు నాకు అరవై ఆరేళ్ళు. ఆకివీడులో మందుల షాపు పెట్టి ముప్పై అయిదేళ్ళు దాటింది. అందుకే ఆ మాట ఇవాళ ఇంత తేలిగ్గా రాయగలుగుతున్నాను.

మాది పెదపాడు దగ్గర ఓ పల్లె. ఇంట్లో అమ్మా నాన్నా, నేను, నాకన్నా మూడేళ్ళు చిన్నదైన చెల్లి, మా నాన్నను కన్న తల్లి మామ్మ. ఇంటి వైద్యమంతా మామ్మదే. ఆ ఏడు వానలు మొదలయ్యాక చెల్లికీ నాకూ గొంతునొప్పి వచ్చింది. మామ్మ మిరియాల కషాయం పట్టించింది. నాలుగు రోజుల్లో తగ్గింది, అందరం మర్చిపోయాం. ఓ వారం తిరిగేసరికి నాకు ఈ బాధ మొదలైంది. మొదట దురద, ఆ తర్వాత మంట. పొద్దున్నే చెంబు పట్టుకుని చేల వైపు వెళ్ళాలంటే భయమేసేది. వెళ్ళకుండా తప్పించుకోవడానికి నేనో ఉపాయం కనిపెట్టాను. తినకపోతే వెళ్ళక్కర్లేదు కదా! అలా రోజుకో ముద్ద తగ్గించుకుంటూ వచ్చాను. కడుపు రాయిలా గట్టిపడింది. ఓ రోజు లాగుకు చిన్న రక్తపు మరక అంటితే, కాలవలో నేనే ఉతుక్కుని తడి లాగుతోనే బడికి పోయాను.

నేను గోక్కోవడం చూసి అమ్మ నులిపురుగులనుకుంది. కాంపౌండరు దగ్గర పురుగుల మందు తెచ్చి వేసింది. తగ్గలేదని మళ్ళీ తెచ్చి వేసింది. మామ్మ ఒంట్లో వేడి చేసిందంది. మజ్జిగ తాగించింది, సబ్జా గింజలు నానబెట్టి పోసింది, నెత్తిన ఆముదం పెట్టింది. నాన్న ఎవరో చెప్పారని తామర మందు తెచ్చాడు. అది రాసుకున్న పూట నేను పెరట్లో అరటిచెట్టు చుట్టూ పరుగులు పెట్టాను. వాళ్ళ ప్రేమలో లోటేమీ లేదు. నాకు ఎక్కడ, ఎలా ఉందో నేను చెప్పలేదు, వాళ్ళకు తెలియలేదు, అంతే.

ఓ ఆదివారం మా మేనత్త వచ్చింది. నాన్నకు అక్క. ఏలూరులో ఓ ఆసుపత్రిలో నర్సుగా చేసేది. నెలకోసారి సెలవు దొరికితే బస్సెక్కి వచ్చి, సాయంత్రానికి వెళ్ళిపోయేది. భోజనాల దగ్గర నేను నిలబడి అన్నం కెలకడం చూసింది. చెయ్యి కడుక్కున్నాక, “రారా, అలా కాలవ గట్టు దాకా వెళ్ళొద్దాం” అంది.

గట్టు మీద నన్ను కూర్చోమనలేదు. తనూ కూర్చోలేదు. నీళ్ళ కేసి చూస్తూ, ఎవరితోనో చెబుతున్నట్టు తన నర్సు చదువు రోజుల కబుర్లు మొదలుపెట్టింది. అప్పట్లో తనకు కూర్చునే చోట ఓ కురుపు లేచిందట. సిగ్గుతో ఎవరికీ చెప్పకుండా వారం రోజులు క్లాసులో నిలబడే పాఠాలు విందట. చివరికి కళ్ళు తిరిగి పడిపోతే, పెద్ద నర్సమ్మ గారు విషయం తెలుసుకుని, “పిచ్చిదానా, వేలికి పుండైతే చెప్పేదానివి కాదూ? అదీ ఒళ్ళే, ఇదీ ఒళ్ళే” అన్నారట.

అత్తలాంటి పెద్దమనిషికి కూడా అలాంటి చోట కురుపు లేస్తుందా అని నాకు ఆశ్చర్యమేసింది. నవ్వు కూడా వచ్చింది. నవ్వుతూ నవ్వుతూనే ఏడుపొచ్చేసింది. ఇరవై రోజులుగా గొంతులో ఆగిపోయిందంతా అత్త చీర కుచ్చెళ్ళలో మొహం పెట్టి చెప్పేశాను. అత్త నా ఎత్తుకు వంగి కూర్చుని, చివరిదాకా విని, ఒక్క మాట అడిగింది. “దానికి ముందు జ్వరం గానీ గొంతునొప్పి గానీ వచ్చిందిరా నాన్నా?” వచ్చిందన్నాను. అత్త తలాడించింది.

అత్త చెప్పి వెళ్ళిన ప్రకారం, మర్నాడు పొద్దున్నే అమ్మ నన్ను తీసుకుని ఏలూరు బయల్దేరింది. బస్సులో నేను కడ్డీ పట్టుకుని నిలబడ్డాను. ఆసుపత్రిలో అత్త మమ్మల్ని పిల్లల డాక్టరమ్మ గారి దగ్గరికి తీసుకెళ్ళింది. సన్నగా, తెల్లగా నెరిసిన జుట్టుతో ఉండేవారావిడ. నా గొంతు చూశారు, మెడ కింద తడిమారు. తర్వాత ఆవిడ అన్న మాట నాకు ఇవాళ్టికీ చెవిలో ఉంది.

“ఏం బాబూ, నొప్పి ఉన్న చోటు ఒక్కసారి చూడనిస్తావా? అమ్మ ఇక్కడే ఉంటారు. నువ్వు వద్దంటే ఆగిపోతాను.”

అప్పటిదాకా నా ఒంటికి ఏదైనా చేసేముందు నన్ను అడిగిన వాళ్ళు లేరు. సరేనన్నాను. చిటికెలో చూసేశారు. పుల్లకు చుట్టిన దూదితో తుడిచి, పరీక్షకు పంపమని అత్తకిచ్చారు. అమ్మ తల వంచుకుని, “శుభ్రంగానే స్నానం చేయిస్తానండి, ఎందుకొచ్చిందంటారు?” అంది.

డాక్టరమ్మ గారు కలం కింద పెట్టారు. “శుభ్రం లేక వచ్చింది కాదమ్మా. మీ తప్పూ కాదు, వాడి తప్పూ కాదు. గొంతునొప్పి తెచ్చే సూక్ష్మజీవే ఒక్కోసారి చేతుల ద్వారా అక్కడికి చేరి చర్మం మీద కూర్చుంటుంది. నులిపురుగులైతే ఇంత ఎర్రగా, అంచు గీసినట్టు ఉండదు. పైపూతలతో ఇది పోదు, లోపలికి మందు పడాలి” అని చెప్పారు. ఇంతకు ముందు ఏ మందైనా పడక దద్దుర్లు వచ్చాయా అని అడిగి, పెన్సిలిన్ మాత్రలు రాశారు. రోజుకు మూడు పూటలు, పది రోజులు. గోళ్ళు కత్తిరించమన్నారు, సబ్బుతో చేతులు కడిగించమన్నారు, చెల్లిని కూడా ఓసారి తెచ్చి చూపించమన్నారు. లేచి వస్తుంటే గుమ్మం దాకా వచ్చి, “పది రోజులమ్మా. తగ్గినా పది రోజులు” అన్నారు.

రెండో రోజుకే మంట సగానికి తగ్గింది. నాలుగో రోజు పీట మీద బాసింపట్టు వేసుకుని కూర్చుని, చేపల పులుసుతో రెండుసార్లు అన్నం పెట్టించుకున్నాను. అమ్మ నా వంకే చూస్తూ కళ్ళు ఒత్తుకుంది. అయిదో రోజు పొద్దున్న మామ్మ మాత్రల పొట్లం అమ్మ చేతిలోంచి తీసేసుకుంది. “తగ్గిపోయిందిగా. ఇంగ్లీషు మందు వేడి చేస్తది. పసాడికి ఇంకెందుకే? దాచుంచు, రేపెవరికన్నా వస్తే పనికొస్తయ్యి” అంది. మాత్ర చేదు కాబట్టి నేనైతే ఎగిరి గంతేశాను. పొట్లం డబ్బాలో పడింది. చెల్లిని ఏలూరు తీసుకెళ్ళడం కూడా నాట్లలో పడి కుదరనే లేదు.

రెండు వారాలైనా కాలేదు, అది మళ్ళీ వచ్చింది. మొదటిసారికన్నా ఎక్కువగా వచ్చింది. ఈసారి జ్వరం కూడా తగిలింది. బోర్లా పడుకుని మూలుగుతుంటే, చెల్లి పక్కన కూర్చుని విసనకర్రతో విసిరేది. దానికీ అప్పటికి గొంతు బొంగురుపోయి ఉంది. నాన్న అత్తకు కబురు పెట్టాడు. అత్త వస్తే పెద్ద గొడవ అవుతుందని ఇల్లంతా బిక్కుబిక్కుమంటూ ఉంది. మామ్మ వంటింట్లోంచి బయటికే రాలేదు.

అత్త వచ్చింది. నా నుదురు చూసింది. డబ్బాలో పొట్లం చూసింది. వంటింటి గడప మీద కూర్చుని, మామ్మతో మెల్లగా అంది.

“అమ్మా, చేలో తుంగ పైపైన కోసేసి వదిలేస్తే ఏమవుద్ది?”

“ఏమవుద్ది, మళ్ళీ లేస్తది. గడ్డ లోపలుంటది గదా” అంది మామ్మ, ఇదేం ప్రశ్న అన్నట్టు.

“వీడికీ అంతేనమ్మా. పైకి చేను బాగానే కనపడింది, గడ్డ లోపలుండిపోయింది.”

మామ్మ పొయ్యిలో పుల్లలు సర్దుతూ ఉండిపోయింది. తర్వాత కొంగుతో చేతులు తుడుచుకుని లేచి, “పద, నేనూ వస్తా” అంది.

అప్పటిదాకా మామ్మ ఆసుపత్రి మెట్టు ఎక్కి ఎరగదు. డాక్టరమ్మ గారి గది గుమ్మంలో నిలబడి, రెండు చేతులూ జోడించి, “మందు ఆపించింది నేనేనండి. కోడల్ని ఏమీ అనకండి” అంది. డాక్టరమ్మ గారు లేచి వచ్చి మామ్మ చేతులు పట్టుకుని తన ఎదుట కుర్చీలో కూర్చోబెట్టారు. “మీరు చెప్పడం మంచిదైందండి. చెప్పకపోతే మందు పనిచెయ్యలేదనుకుని నేను పొరబడేదాన్ని” అన్నారు. ఒక్క కసురు లేదు, ఒక్క దెప్పు లేదు. మళ్ళీ దూదితో పరీక్షకు తీశారు. ఈసారి పద్నాలుగు రోజులకు రాశారు. చెల్లి గొంతూ చూసి, దానికీ మందిచ్చారు.

ఆ పద్నాలుగు రోజులూ మామ్మే మా నర్సు. ఆమెకు అక్షరం ముక్క రాదు. వంటింటి గోడ మీద ముగ్గుపిండితో నాకో వరస, చెల్లికో వరస బొట్లు పెట్టుకుంటూ వచ్చింది. మాత్ర మింగితేనే బొట్టు. ఓ సాయంత్రం నేను మాత్ర చెంప కింద దాచుకున్నానని కనిపెట్టి, మింగించి, నోరు తెరిపించి చూసి, అప్పుడు పెట్టింది. ఆఖరి రోజు ఆఖరి బొట్టు పెట్టాక వేలు గోడ మీదే ఉంచి కాసేపు నిలబడింది. మళ్ళీ పరీక్షకు వెళ్తే ఏమీ లేదని చెప్పారు. ఆ జబ్బు మా ఇంటి గడప మళ్ళీ తొక్కలేదు.

చాలా ఏళ్ళకు, నేను షాపు తెరిచిన కొత్తలో, రిటైరైన అత్త చూడ్డానికి వచ్చింది. మాటల్లో ఆ కురుపు సంగతి ఎత్తి, “అప్పుడు ఎన్నాళ్ళకు తగ్గిందత్తా?” అని అడిగాను. అత్త నోటికి కొంగు అడ్డం పెట్టుకుని నవ్వింది. “నాకెప్పుడు లేచిందిరా కురుపు? నువ్వు నోరిప్పాలంటే ముందు నా పరువు కొంచెం తీసుకోవాలిగా!” అంది. నేనూ నవ్వాను. అత్త వెళ్ళిపోయాక మాత్రం, ఓ పసివాడి సిగ్గు పోగొట్టడానికి తన సిగ్గు పణంగా పెట్టిన ఆ మనసు తలచుకుని కళ్ళు చెమర్చాయి.

మొన్నామధ్య చేపల చెరువుల మీద పనిచేసే ఓ అమ్మాయి వచ్చి, కొడుక్కి పురుగుల మందు కావాలంది. ఇది మూడోసారి. వాడు తల్లి వెనక నిలబడి, బల్ల చూపించినా కూర్చోలేదు. మందివ్వకుండా భీమవరం వెళ్ళి పిల్లల డాక్టరు గారికి చూపించమన్నాను. సాయంత్రానికి చీటీతో తిరిగొచ్చింది. యాంటీబయాటిక్ సిరప్, పది రోజులకు. “మూడు రోజులకు సరిపడా చిన్న సీసా ఇవ్వండి బాబాయ్ గారూ, తగ్గకపోతే మళ్ళీ వస్తా” అంది. నేను కౌంటరు దాటి ఇవతలికి వచ్చి, పక్కవాళ్ళకు వినపడకుండా, నా సంగతంతా చెప్పాను. ఎక్కడ నొప్పో, ఎన్ని రోజులు నిలబడ్డానో, అయిదో రోజున ఏం చేశామో, అంతా. నాది కట్టుకథ కాదు కాబట్టి నాకంత కష్టం కాలేదు. తల్లి వింటూ ఉంది. వాడు మాత్రం మెల్లగా తల్లి వెనక నుంచి బయటికొచ్చి, నా మొహంలోకి చూసి, “మీక్కూడానా తాతా?” అన్నాడు.

“నాక్కూడానయ్యా” అన్నాను.

మా అత్త, ఆ డాక్టరమ్మ గారు, మామ్మ, ముగ్గురూ ఇప్పుడు లేరు. వాళ్ళకు నేను చెప్పుకోగలిగిన కృతజ్ఞత ఒకటే. నా షాపులో ఎవరైనా మాట మింగి తలొంచుకుంటే, నేను గొంతు తగ్గిస్తాను, ముందు నా సంగతి చెబుతాను. మందు చేతికిచ్చేటప్పుడు మాత్రం గొంతు పెంచే చెబుతాను, ఆఖరి చుక్క దాకా అని.