పదిహేడో నంబరు బిళ్ళ

పోయిన నెల తమ్ముడి కూతురు తన బిడ్డను బెంగళూరులో ఎల్‌కేజీలో చేర్పిస్తూ, "అత్తా, నువ్వు టీచరమ్మవి కదా, వచ్చి చూసి చెప్పు" అని నన్ను వెంట తీసుకుపోయింది. ముప్పై ఏళ్ళు సుద్దపొడి మింగిన మనిషిని, నా మాటకు విలువ ఉంటుందనుకున్నాను. అక్కడ నా మాట ఎవరికీ అక్కర్లేదు, అంతా వాళ్ళే చెప్పారు. గది చూసి నోరు తెరిచాను. ఎర్రవి, పసుపువి బుల్లి కుర్చీలు, తగిలినా దెబ్బ పడకుండా మూలలు గుండ్రంగా తిప్పిన బల్లలు, బిడ్డకొక అర, నేలంతా మెత్తటి పరుపు. నడిస్తే కాలు దిగబడుతోంది. తలుపు దగ్గర గోడకు ఒక డబ్బా ఉంది. బిడ్డ మెడలో కార్డు దానికి ఆనిస్తే కుయ్‌మంటుందట, వెంటనే తల్లి ఫోనుకు 'మీ పాప లోపలికి వచ్చింది' అని కబురు పోతుందట. ఇంటికి పోయేటప్పుడు మళ్ళీ కుయ్. అన్నీ చూపిస్తున్న అమ్మాయి, "ఇట్లాంటిది చుట్టుపక్కల ఇంకెక్కడా లేదు మ్యామ్" అంది. నాకు నవ్వొచ్చింది. ఇది మా నాయన ఎప్పుడో చేశాడు తల్లీ, కరెంటు లేకుండా, నూనె డబ్బా రేకుతో చేశాడు, అందామనుకున్నాను. నమ్మదని ఊరుకున్నాను. మీరైతే ఓపిగ్గా వింటారు.

అప్పటికి కోలారు బంగారు గనులు మూసేసి ఏడాది కాలేదు. చాంపియన్ రీఫ్స్‌లో గని కార్మికుల ఇళ్ళ వరసల మధ్య ఒంటి గది బడి, దానికి నేను ఒంటి టీచరును. పిల్లలు పలక మీద రాసేది కన్నడం, ఇంట్లో మాట్లాడేది తెలుగో అరవమో, తిట్టుకునేది మూడింట్లోనూ. గదిలో సామాను గురించి చెప్పాలంటే రెండు వాక్యాలు చాలు. నల్లదనం పోయి బూడిదరంగుకు తిరిగిన బోర్డు, కాళ్ళు ఊగే రెండు బెంచీలు, ఒక ఇనుప బీరువా. బీరువాలో గ్లోబు ఉండేది, దాని మీద కట్టి వచ్చిన ప్లాస్టిక్ కాగితం కూడా విప్పకుండా దాచాం, ఎందుకంటే పగిలితే నేను సంజాయిషీ రాసుకోవాలి. ప్రపంచమంతా బీరువాలో భద్రంగా ఉండేది. పిల్లలు ఇంటి నుంచి గోనెపట్టాలు తెచ్చుకుని నేల మీద కూర్చునేవాళ్ళు. మధ్యాహ్నం గాలి లేస్తే బంగారం తీశాక మిగిలిన రాతిపిండి పోసిన సైనైడు దిబ్బల మీది తెల్లదుమ్ము వచ్చి పలకల మీద వాలేది. వెధవ దుమ్ము, ఎంత తుడిచినా పోయేది కాదు.

ఇంట్లో నాయన. గనిలో టింబరు పని ఆయనది. అంటే భూమి లోపల తవ్వుకుంటూ పోయిన చోట కప్పు కూలకుండా దుంగలు నిలబెట్టే వడ్రంగి. గని మూసిన రోజు ఇంటికి వచ్చి మంచం మీద కూర్చున్నవాడు మళ్ళీ గడప దాటలేదు. పెరట్లోకి పోవడం, రావడం, అంతే. అమ్మ లేదు. తమ్ముడు తెల్లవారుజాము రైలెక్కి బెంగళూరుకు పోయేవాడు, కొన్నాళ్ళకు అక్కడే ఉండిపోయాడు. మా వరసలో మగవాళ్ళందరూ కోపమో తాపమో చూపించారు, జెండాలు పట్టుకున్నారు, సారాయి తాగారు. మా నాయన ఏమీ చేయలేదు. వెలుతురు పడుతుందని కిటికీకి గోనెసంచి కూడా కట్టాడు. "అట్లా బయట కూచోరాదా నాయనా" అంటే, "యాడికి పోయి ఏం జేసేదమ్మా" అని గోడవైపు తిరిగేవాడు. ఆ ఇల్లు ఎంతని! తడికె గోడలు, పైన రేకులు. పక్కింట్లో దగ్గితే మా ఇంట్లో దీపం అదిరేది. ఆయన మంచమ్మీద చిక్కుకున్నాడు, నేను ఆయన దగ్గర చిక్కుకున్నాను. కోలారు పక్కన తమక అనే ఊరి బడిలో ఖాళీ ఉందని తెలిసి బదిలీ అర్జీ రెండుసార్లు రాశాను, రెండుసార్లూ పొయ్యిలో పెట్టాను. ఈయన్ను వదిలి ఎట్లా పోతాను? నిజం చెప్పొద్దూ, కొన్ని రోజులు అన్నం పళ్ళెం ఆయన ముందు పెట్టడం కాదు, విసిరినట్టే చేశాను. ఇప్పటికీ ఆ చప్పుడు చెవిలో ఉంది. నాకప్పుడు కావలసింది ఒక్కటే, ఆయన గడప దాటాలి.

నేను పెద్ద తెలివిగలదాన్నేమీ కాదు. ఒక సాయంత్రం బడి బెంచీ కాలు ఊడి ఒక పిల్లవాడు కింద పడితే, ఒళ్ళు మండి నలుగురు పిల్లలతో దాన్ని మోయించి ఇంట్లో పడేశాను. స్థలం లేక నాయన మంచం ఎదురుగానే పడింది. మూడు రోజులు దాన్ని చూస్తూ కూర్చున్నాడు. నాలుగో రోజు నేను వచ్చేసరికి, "ఎవడు చేసినాడమ్మా దీన్ని? వాని చేతులిరగ! కాలు దిగే కుసి గూడా సరిగా కొట్టలేదు" అన్నాడు. ఆ తిట్టు వినగానే నాకు ప్రాణం లేచివచ్చింది. అటక మీది పనిముట్ల సంచీ దించి ఇచ్చాను. బెంచీ నిలబడింది. రెండోదీ తెమ్మన్నాడు, అదీ నిలబడింది. తర్వాత, "పిల్లోళ్ళు ఎంతమంది? రాసేకి బల్లలు యాడ?" అని ఆయనే అడిగాడు. కొయ్య ఎక్కడిది మన దగ్గర, అన్నాను. మర్నాడు బడి నుంచి వచ్చి చూస్తే మంచం లేదు. నులక చుట్టగా చుట్టి మూలన పెట్టి, పట్టెలూ కోళ్ళూ కోసేసి, అటక చెక్కలు పైన పరిచి పొట్టి బల్లలు కడుతున్నాడు.

"యాడ పండుకుంటావు నాయనా?"

"నేల యాడికీ పోలేదు కదా" అన్నాడు.

బల్లలు మా ఇంటి గచ్చు మీద గుంజ పాతినట్టు నిలిచాయి. బడికి తీసుకుపోతే ఊగాయి. బడి నేల ఒకవైపు కుంగి ఉంది. సాయంత్రం ఆ మాట చెబితే నాయన ముఖం చూడాలి! "నా బల్ల ఊగిందా?" అన్నాడు, నేనేదో ఇంటి పరువు తీసినట్టు. పొద్దున నాకంటే ముందు తువ్వాలు భుజాన వేసుకుని గడప దగ్గర నిలబడి ఉన్నాడు. ఎండకు కళ్ళు చిట్లించుకుంటూ, గోడలు పట్టుకుంటూ నా వెంట వచ్చాడు. నేను వెనక్కి తిరిగి చూడలేదు, చూస్తే ఆగిపోతాడేమోనని భయం.

వచ్చినవాడు బల్లలతో ఆగలేదు. సంచులు తగిలించడానికి మేకుల పట్టీ కొట్టాడు, పలకలకు అర పెట్టాడు, పాత గోనెపట్టా మడిచి కుట్టి డస్టరు చేశాడు. బొగ్గుపొడి, గుంటగలగరాకు రసం కలిపి బోర్డును మళ్ళీ నల్లగా చేశాడు. కట్టె పట్టుకుని కప్పు దూలాన్ని తట్టి చెవి పెట్టి విని, "ఇది మాట్లాడతా ఉండాది" అని దాని కింద ఒక దుంగ నిలబెట్టాడు. కూలే ముందు కొయ్య కిర్రుమంటే గనిలో అట్లా అంటారట, ఆ దూలం మాత్రం నిక్షేపంగా ఉంది. అయినా గనిలో ముప్పై ఏళ్ళున్న మనిషి కప్పును నమ్మడు. గది నడిమధ్య ఆ దుంగ ఉండిపోయింది, పిల్లలు దాని చుట్టూ తిరుగుతూ ఎక్కాలు చెప్పేవాళ్ళు. బీరువా తెరిచి గ్లోబు బయట పెట్టించింది కూడా ఆయనే. "పైన సంగతి మీ టీచరు చెప్తుంది. లోపల సంగతి నన్నడగండి" అని పిల్లలకు చెప్పాడు.

ఆఖరికి తలుపు పక్కన ఒక కొయ్యపలక బిగించాడు. రెండు వరసల మేకులు, మేకుకొక రేకు బిళ్ళ, బిళ్ళ మీద మేకుతో పొడిచిన నంబరు. గనిలో లోపలికి దిగేవాడు తన నంబరు బిళ్ళ పట్టుకుని దిగాలి, పైకి రాగానే ఇచ్చేయాలి. బిళ్ళ రాలేదంటే మనిషి రాలేదని లెక్క. ఒకసారి లోపల రాయి కూలినప్పుడు అందరూ వచ్చేశారనుకున్నారట. బిళ్ళల దగ్గర కూర్చునే మనిషి మాత్రం, ఒకటి రాలేదు, నేను కదలను, అని మొండికేశాడట. ఆ ఒకటీ మా నాయనది. తొమ్మిది గంటల తర్వాత తవ్వి తీశారు. అందుకని బడిలోనూ అదే చట్టం. పొద్దున పిల్లలు బిళ్ళ తీసి మెడలో వేసుకోవాలి, సాయంత్రం మేకుకు తగిలించి పోవాలి. నాయన తలుపు దగ్గర స్టూలేసుకుని కూర్చుని, "అన్ని బిళ్ళలూ రానిదే తలుపు మూసేది లేదు" అనేవాడు. పిల్లలకది ఆట. నాకు మాత్రం కొన్నిసార్లు ఊపిరాడేది కాదు. నాయనను గనిలోంచి లాగుదామనుకుంటే, ఆయన గనినే లాక్కొచ్చి నా బడిలో పెట్టాడు.

ఈలోగా ఊరు ఖాళీ అవుతోంది. నెలకొక ఇంటికి తాళం పడేది, నెలకొక బిళ్ళ మేకుకే ఉండిపోయేది. ఒక రోజు ఆఫీసరు వచ్చి పిల్లల తలలు లెక్కపెట్టి, ఈ ఏడాదితో ఈ బడి మూసి పెద్ద బడిలో కలిపేస్తామని పిల్లల ముందే చెప్పి పోయాడు.

మర్నాడు సాయంత్రం పిల్లలు బిలబిలమంటూ గుంపుగా పోయాక చూస్తే పదిహేడో మేకు ఖాళీగా ఉంది. రెండో తరగతి పిల్ల, తెలుగిళ్ళ పిల్లే, వాళ్ళమ్మ బెంగళూరులో బట్టల ఫ్యాక్టరీకి పోతుంది, ఇంట్లో అవ్వ మాత్రం ఉంటుంది. గదిలో ఎవరూ లేరు. బీరువా వెనక చూశాం, బల్లల కింద చూశాం. "మెడలో వేసుకుని ఇంటికి పోయుంటుంది నాయనా, రేపు తెస్తుందిలే. పద, తాళం వేస్తా" అన్నాను. ఆయన పోయి మళ్ళీ స్టూలు మీద కూర్చున్నాడు.

"బిళ్ళ రాలేదమ్మా."

"రేకు ముక్క నాయనా అది!"

"బిళ్ళ రాలేదు."

ఇంక నాలో ఏడాదిగా ఉన్నదంతా ఒక్కసారి బయటపడింది. "ఇది గని కాదు నాయనా! గని మూసేసినారు! నీకొక్కనికే ఇంకా తెలీలేదు!" అని అరిచాను. ఆ మాట ఆయన ముందు అంతవరకూ ఎవరూ అనలేదు. ఆయన నా ముఖం వైపు చూడకుండా లేచి, తలుపు బార్లా తెరిచిపెట్టి, ఆ పిల్ల ఇంటివైపు నడిచాడు. సిగ్గుతో చచ్చిపోతూ నేను వెనక నడిచాను.

పిల్ల ఇంట్లోనే ఉంది. రుబ్బురోలు పక్కన ముడుచుకుని కూర్చుంది. వాళ్ళవ్వ నన్ను చూసి, "వచ్చినప్పటి నుంచి ఇంతే టీచరమ్మా. గువ్వ మాదిరి కూచోనుండాది. గుప్పిలి తెరవదు, అన్నం తినదు" అంది. నాయన ఆ పిల్ల ఎదురుగా నేల మీద చతికిలబడ్డాడు.

"ఏమమ్మా పదిహేడూ, బిళ్ళ యాడ?"

"ఇయ్యను."

"ఎందుకు?"

"ఇస్తే ఇస్కూలు మూసేస్తారు. నువ్వే చెప్పినావు కదా తాతా, అన్ని బిళ్ళలూ రానిదే మూయరని."

నాయన నవ్వుతాడనుకున్నాను, లేదా బుద్ధి చెబుతాడనుకున్నాను. ఆయన బనీను మెడలో చెయ్యి పెట్టి ఒక నల్లదారం పైకి లాగాడు. అది తాయెత్తని నేను ఇన్నాళ్ళూ అనుకున్నాను. దారం చివర ఇత్తడి బిళ్ళ ఉంది. అరిగిపోయిన నంబరు. గని బిళ్ళ.

"నేను గూడా ఇయ్యలేదమ్మా" అన్నాడు ఆ పిల్లతో. నాతో కాదు. "గని మూసిన కడాపొద్దు అందరూ ఇచ్చేసినారు. నేను ఇయ్యకుండా వచ్చేస్తి. నాది రాకుంటే ఎట్లా మూస్తారు, చూద్దాం అనుకుంటి." బిళ్ళను బొటనవేలితో రుద్దుతూ, "మూసేసినారు. ఒకరూ అడగలేదు. నేనే లోపల ఉండిపోతి" అన్నాడు.

నేను గుమ్మం పట్టుకుని నిలబడ్డాను. ఒక ఏడాది పాటు ఒకే కప్పు కింద, ఒకే గిన్నెలో వండుకు తిన్నాం. ఆ దారం చివర ఏముందని ఒక్కసారి కూడా అడగలేదు నేను.

"రామ్మా. ఇద్దరమూ పోయి తగిలిద్దాం. నువ్వు ముందు, నేను వెనక" అని ఆయన చెయ్యి చాపాడు. పిల్ల నా వైపు చూసింది, నాయన వైపు చూసింది. మెల్లగా గుప్పిలి విప్పింది. రేకు అంచు గుచ్చుకుని అరచేతిలో ఎర్రగా గీత పడింది.

పొద్దు గూకే వేళకు ముగ్గురం బడికి పోయాం. తెరిచిన తలుపు తెరిచినట్టే ఉంది. పిల్ల మునివేళ్ళ మీద నిలబడి పదిహేడో మేకుకు తన బిళ్ళ తగిలించింది. నాయన జేబులోంచి ఒక మేకు తీసి, పలక చివర కొట్టి, దారంతో సహా తన బిళ్ళ తగిలించాడు. ఒక్క క్షణం దాన్ని వేళ్ళతో పట్టుకుని వదిలాడు. తర్వాత తలుపు ఆయనే మూసి, తాళం వేసి, తాళంచెవి నా చేతిలో పెట్టాడు. పిల్లను ఇంట్లో దింపి వస్తూ, మనుషుల్ని లోపలికి దించే చాంపియన్ రీఫ్స్ గని చక్రం కింద ఆగి పైకి చూశాడు. నేను అరిచినందుకు క్షమాపణ చెబుదామని గొంతు సవరించుకున్నాను. ఆయనే ముందు మాట్లాడాడు. "తమకలో ఇస్కూలు ఉండాదంటివే. ఇంగ రాసెయ్యమ్మా ఆ కాగితం. ఈతూరి పొయ్యిలో పెట్టొద్దు."

పొయ్యి సంగతి ఆయనకు ఎట్లా తెలుసో నాకు ఇప్పటికీ తెలియదు.

బడి ఆ ఏడాది చివర మూతపడింది, బిళ్ళలన్నీ మేకులకే ఉండగా. బల్లలు పెద్ద బడికి పోయాయి. నాకు తమకకు బదిలీ అయితే, పలకను మాత్రం నాయన విప్పుకుని వెంట తెచ్చాడు. అక్కడ ఆయన ఇంకో పదకొండేళ్ళు బతికాడు, వీధిలో ప్రతి ఇంటి కుర్చీనీ తిట్టి బాగు చేశాడు. పలక ఇప్పుడు మా ఇంటి తలుపు వెనక ఉంది, దానికి గొడుగు తగిలిస్తాను. బెంగళూరు నుంచి వచ్చిన రోజు గొడుగు పెట్టబోతూ ఆ ఇత్తడి బిళ్ళను చేతిలోకి తీసుకుని చూశాను, నంబరు ఇంకా అరిగింది. కాలం తన తలుపు ఎప్పుడో మూసుకుని వెళ్ళిపోతుంది, మనల్ని ఏమీ అడగదు. బిళ్ళను గుప్పిట్లో పెట్టుకుని లోపల కూర్చునేది మనమే.