జెంటూకు పెట్టిన కుంకుమ

నా చిన్నప్పుడు, అంటే పందొమ్మిది వందల యాభైల్లో, కడప జిల్లాలోని మా నేతగాళ్ల వీధిలో బిరుదున్న ఇల్లు మాదొక్కటే. మా జేజినాయన, అంటే నాన్నకు నాన్న, పెట్టెలో కుంపిణీ కాలం నాటి ఇంగ్లీషు కాగితం ఒకటి ఉండేది. మా పూర్వీకుడెవరికో ఒక దొర రాసిచ్చింది. అందులో ఆయన పేరు పక్కన 'జెంటూ' అని ఉంది. అది దొరలిచ్చిన బిరుదని ఏనాటి కరణమో చెప్పాడట. ఇంగ్లీషు రాని ఇంట్లో అలాంటి మాటకు ఎదురుండదు. ఏటా ఆయుధపూజ నాడు మగ్గానికీ, పోగును అటూ ఇటూ నడిపే నాడెకూ కుంకుమ పెట్టి, ఆ కాగితానికీ పెట్టేవాళ్లు. వీధంతా వచ్చి దండం పెట్టుకుని పోయేది.

మా ఇంట్లో హైస్కూలుకు పోయిన తొలి ఆడపిల్లను నేనే కాబట్టి అనుమానమూ నాకే వచ్చింది. ఇంగ్లీషు అయ్యవారిని అడిగాను. ఆయన లావుపాటి నిఘంటువు తీసి, చాలాసేపు చదివి, నెమ్మదిగా చెప్పారు. ముందొచ్చిన పోర్చుగీసువాళ్లు తమ దేవుణ్ణి ఎరగనివాళ్లను ఇలాంటి మాటతో పిలిచేవారట. దాన్ని ఇంగ్లీషువాళ్లు అందుకుని మొదట హిందువులకు, తరువాత మద్రాసు వైపు తెలుగువాళ్లకు, మన భాషకు కూడా తగిలించారట. అంటే, దేవుణ్ణి ఎరగనివాళ్లన్న మాటకు మేము ఏటా కొబ్బరికాయ కొడుతున్నాం.

ఇలాంటి సంగతి కడుపులో దాచుకునే వయసు కాదు నాది. ఆ ఏడు పూజలో అందరి ముందూ చెప్పేశాను.

"ఇన్నేండ్లు మాతో తిట్టుకు టెంకాయ కొట్టించినావు గదప్పా" అన్నాడు పక్కింటి తాత జేజినాయనతో. జనం నవ్వారు. జేజినాయన ముఖం చూశాక నా చదువు మీద నాకే విసుగొచ్చింది. వీధిలో ఆయన తలెత్తుకు తిరిగేది ఆ కాగితం చూసుకునే.

ఆయన కాగితం నా చేతికిచ్చాడు. "ఒక్క మాట కోసరం ఇంత బారున రాసుండడు దొర. కింద ఏముండాదో సదువు పాపా."

నిజానికి నేనూ బిరుదు దాటి చదవలేదు. ఈ మనిషి నేసిన గుడ్డ చిక్కనిది, ఉతికినా రంగు పోలేదు, ఇతణ్ణి నమ్మవచ్చు అని రాసి ఉంది. తెలుగులో చెప్పాను. నవ్వేవాళ్లు నవ్వు ఆపారు.

"పై మాట వాళ్లకు తెలిసినంత. కింది మాట మావోడు మగ్గం మీద సంపాదించుకునింది. బొట్టు ఈడ పెట్టు" అని కుంకుమ భరిణె నా వైపు జరిపాడు. ముందుగా దండం పెట్టింది పక్కింటి తాతే.

కాలేజీకి వెళ్లాక, చలి సముద్రాల్లోని ఒక రకం పెంగ్విన్లకూ అదే పేరుందని తెలిసింది. అవి పట్టించుకున్నట్టు లేదు. నేను మాత్రం ఇప్పటికీ, ఎవరైనా ఒక జనాన్ని ఒక్క మాటలో తేల్చేస్తే, ఆ మాట ఎవరి నోట పుట్టిందని అడుగుతాను. వీలైతే ఆ జనం దగ్గరికే వెళ్లి, వాళ్ల పనేమిటో చూసి వస్తాను.