ఖాళీ విడత తర్వాత వచ్చిన కాల్

దయ్యాల మాటెత్తితే నవ్వి లేచిపోయే మనిషిని నేను. మగ్గం గుంతలో ఎవరో కూర్చున్నట్టు కనిపించిందని చిన్నప్పుడు అవ్వ చెబితే, చీకట్లో ఎవరికైనా అలాగే కనిపిస్తుందని ఎదురు చెప్పేదాన్ని. ఇప్పుడు కూడా దయ్యాలున్నాయని చెప్పడానికి ఇది రాయడం లేదు. నాకు జరిగింది చెబుతాను, అంతే.

నేను హిందూపురంలో అద్దె ఇంట్లో ఉంటూ బెంగళూరు కంపెనీకి పని చేస్తాను. మా కంపెనీ ఒక ప్రైవేటు అంబులెన్సు సంస్థకు సాఫ్ట్‌వేర్ చేసి పెడుతుంది. ఆ సంస్థకు వచ్చే ప్రతి ఫోన్ కాలూ రికార్డవుతుంది. అందులోని మాటలను కంప్యూటరే అక్షరాల్లోకి మారుస్తుంది. సరిగ్గా మారుస్తోందా లేదా అని పరీక్షించడానికి, "పలకడం లేదు" అన్న మాట ఉన్న కాల్స్ అన్నీ వెతికి తీయమని నాకు అప్పగించారు.

అలాంటివి వేలకు వేలున్నాయి. అన్నీ ఒకేసారి అడిగితే సర్వర్ ఇవ్వదు. వెయ్యి చొప్పున విడతలుగా అడగాలి. ప్రతి విడతతో పాటు అది ఒక గుర్తు పంపిస్తుంది. ఆ గుర్తు తిరిగి చూపిస్తే తర్వాతి విడత ఇస్తుంది. అన్నీ అయిపోయాక ఖాళీ విడత వస్తుంది. ఖాళీ వస్తే ఆగిపొమ్మని కోడ్‌లో రాస్తాం. నేనూ అలాగే రాశాను.

మధ్యాహ్నం అన్నం తిని వచ్చేసరికి ఖాళీ విడత వచ్చేసింది. పని ముగిసిందని స్క్రీను మీద పడింది. లాప్‌టాప్ మూయబోతుంటే దాని కింద ఇంకో వరస వచ్చింది. మరో విడత. అందులో ఒకే ఒక్క కాల్.

నా కోడ్‌లోనే తప్పుందనుకున్నాను. ఆ కాల్‌కు తేదీ లేదు, ఫోన్ నంబరూ లేదు. ఏమిటో చూద్దామని చెవుల్లో ఇయర్‌ఫోన్స్ పెట్టుకుని ప్లే చేశాను.

మొదట లారీలు పోతున్నట్టు పెద్ద మోత. తర్వాత ఒక ఆడగొంతు. "ఈడ పెనుకొండ కాడ ఉండాం. మా నాయన పలకడం లేదు. నీళ్లు కూడా మింగడం లేదు. తొందరగా రాండి."

అది నా గొంతు.

ఎవరి గొంతో నా గొంతులా ఉండటం కాదు. ఏడుపు వస్తే నాకు మాట చివర కీచుమంటుంది. అది కూడా ఉంది. కాసేపు ఏమీ వినపడలేదు. ఆ తర్వాత అదే గొంతు, ఏడుపు లేకుండా, నెమ్మదిగా అంది: "ఇంక రావొద్దులేండి."

ఇంకోసారి విందామంటే ఫైలు తెరుచుకోలేదు. బెంగళూరులో నాతో పనిచేసే శ్రీలతకు ఫోన్ చేసి వెతకమన్నాను. అలాంటి కాల్ అసలు లేదని, పని ఎక్కువై తల తిరుగుతున్నట్టుందని, కాసేపు పడుకోమని చెప్పింది.

పడుకోలేదు. ధర్మవరంలో ఉన్న మా నాయనకు ఫోన్ చేశాను. ఆయన పట్టుచీరలు నేస్తాడు. మగ్గం మీదే ఉన్నాడు. ఈ వేళప్పుడు ఫోనేమిటని అడిగాడు. గొంతు మామూలుగానే ఉంది.

ఆ ఆదివారం ఆయన్ను కంటి డాక్టరు దగ్గర చూపించడానికి హిందూపురం తీసుకురావాలి. పక్కింటివాళ్ల కారులో రావాలని ముందే అనుకున్నాం. ఆ లారీల మోత నా చెవుల్లోంచి పోలేదు. రోడ్డు మీద వెళ్లే ధైర్యం నాకు లేకపోయింది. కారెక్కితే నాకు వాంతులవుతున్నాయని అబద్ధమాడి రైలుకు ఒప్పించాను. అసలు ప్రయాణమే మానేద్దామనీ అనిపించింది. కానీ ఆయన కన్ను రోజురోజుకీ మసకబారుతోంది. ఏ కారణం చెప్పి మానిపించను?

నేనే ధర్మవరం వెళ్లి ఆయన్ను వెంటబెట్టుకొచ్చాను. రైలెక్కాక నాయన శనక్కాయలు వలుచుకుని తింటూ కబుర్లు చెప్పాడు. నాకు భయం కొంచెం తగ్గింది. పెనుకొండ స్టేషను దగ్గరపడుతుండగా మాట ఆపి గుండె మీద చెయ్యి పెట్టుకున్నాడు.

"ఈడ పట్టేసినట్టు ఉండాది మ్మా" అన్నాడు.

ముఖమంతా చెమట. బండి ఆగగానే పక్క సీటావిడ, నేను ఆయన్ను చెరో పక్క పట్టుకుని దింపి ప్లాట్‌ఫారం బల్ల మీద పడుకోబెట్టాం. నీళ్లు పోస్తే పెదవుల పక్కనుంచి కారిపోయాయి. పిలిస్తే పలకలేదు. ఆ కంగారులో నాకు గుర్తొచ్చిన నంబరు మా కంపెనీ పని చేసిపెట్టే ఆ అంబులెన్సు సంస్థదే. దానికే ఫోన్ చేశాను. అవతల ఒక మగమనిషి ఎక్కడున్నారని అడిగాడు.

చెప్పడం మొదలుపెట్టాను. సగంలో తెలిసింది, నా నోట్లోంచి వస్తున్నవి ఆ మాటలేనని. నేను నోరు తెరిచేముందే పక్క లైను మీదికి గూడ్సు బండి వచ్చింది, ఇంకా పోతూనే ఉంది. నేను లారీలనుకున్న మోత అదే. వేరే మాట అందామని చూశాను. వేరేగా చెప్పడానికి ఏముంది? నాయన పలకడం లేదు. నీళ్లు మింగడం లేదు.

అడ్రసు రాసుకుంటున్నాడో ఏమో, అవతల మాట ఆగింది. తర్వాత రావలసిన మాట ఏమిటో నాకు తెలుసు. అది గొంతులో తయారుగా ఉన్నట్టే అనిపించింది. అంత భయం నా బతుకులో ఎప్పుడూ పడలేదు. ఎడమచేత్తో నోరు మూసుకుని, ఫోన్ ఆ పక్క సీటావిడ చేతిలో పెట్టేశాను. ఆవిడే దారి చెప్పింది. తొందరగా రమ్మని కూడా ఆవిడే గట్టిగా చెప్పింది.

అంబులెన్సు వచ్చింది. పుట్టపర్తి ఆస్పత్రిలో చేర్చాం. ఇంకాస్త ఆలస్యమైతే కష్టమయ్యేదని డాక్టరు చెప్పాడు. పది పదిహేను రోజులకు ఇంటికి పంపించారు.

నా ప్రోగ్రాంను తర్వాత చాలాసార్లు నడిపాను. ప్రతిసారీ ఖాళీ విడత దగ్గర బుద్ధిగా ఆగిపోతుంది. శ్రీలతతో కలిసి కోడ్ వరస వరసా చూశాం. తప్పేమీ దొరకలేదు.

నాయనకు ఈ సంగతి నేను ఇప్పటికీ చెప్పలేదు. కానీ మొన్న ధర్మవరం వెళ్లినప్పుడు, మగ్గానికి దారం కండె చుడుతూ ఆయనే అన్నాడు. ఆ పొద్దు పెనుకొండలో కళ్లు తెరవలేకపోయినా చెవులు పనిచేస్తూనే ఉన్నాయట.

"నువ్వు ఫోన్‌లో మాట్లాడతాంటే ఇనపడింది మ్మా. అవతల అడిగేది కూడా నీ గొంతే."

అవతల ఉన్నది మగమనిషి. నేను విన్నాను. పక్క సీటావిడా ఆ మగమనిషితోనే మాట్లాడింది.