మగ్గం తెలుగులో మాట్లాడిన రోజు

2023 వానకాలం. సూరత్‌లో మరమగ్గాల కార్ఖానాను ఖాతా అంటారు. పర్వత్ పాటియా దగ్గర జయంతిభాయ్ అనే సేఠ్ ఖాతాలో మగ్గాలకు సర్వీసు చేసేవాణ్ని. మా నాన్న కరీంనగర్ వైపు నుంచి నేత పనికి ఇక్కడికి వచ్చాడు. నాకు నేయడం అబ్బలేదు గానీ మగ్గానికి వైద్యం చేయడం అబ్బింది.

ఈ పని తెలియనివాళ్ల కోసం రెండు మాటలు. చీర మీద పువ్వు రావాలంటే ఏ దారాలు లేవాలో ఏవి ఆగాలో ఎవరో ఒకరు చెప్పాలి. మగ్గం నెత్తిన కూర్చుని ఆ పని చేసేది జకార్డ్. దానికి బుర్ర కంట్రోలర్, అంటే పక్కన బిగించిన చిన్న తెర, నాలుగు బటన్లు. డిజైన్‌ను పెన్‌డ్రైవ్‌లో తెచ్చి ఎక్కిస్తే బొమ్మ ఆ తెర మీద కనిపిస్తుంది. మగ్గం నేస్తున్నంతసేపూ ఒక సన్నని గీత ఆ బొమ్మ మీద కిందికి జరుగుతూ ఉంటుంది. గీత ఆగితే నాకు ఫోన్ వస్తుంది.

ఈసారి ఫోన్ చేసింది మగ్గంవాళ్లు కాదు. ఆల్థాన్‌లో ఉండే మన తెలుగువాళ్ల అమ్మాయి కావ్య. డిజైన్ కాలేజీలో ఆఖరి సంవత్సరం, పరీక్షకు బదులు చిన్న సినిమా తీయాలట.

“శీనన్నా, నాకు స్పేస్‌షిప్ కావాలె.”

“సూరత్‌ల చీరలు దొరుకుతయి, వజ్రాలు దొరుకుతయి. గదైతే దొరకదు బిడ్డా.”

“అరే సునో తో! మీ ఖాతానే స్పేస్‌షిప్. నేను చూసిన అన్నా. మీద వేల దారాలు, కింద వరసగా తెరలు. ఏక్‌దమ్ షిప్ లెక్కనే ఉంది.”

ఆమె కథ చెప్పింది. ఇంకో నక్షత్రానికి వెళ్లే ఓడ. దారి ఎంత పొడుగంటే ఎక్కినవాళ్లు మధ్యలోనే పోతారు, వాళ్ల పిల్లలు, మనవలు కూడా ఓడలోనే పుట్టి ఓడలోనే పోతారు. ఎప్పటికో ఒక తరం దిగుతుంది. ఓడ నిండా కంప్యూటర్ టెర్మినళ్లు, అంటే జనం ఓడతో మాట్లాడుకునే తెరలు. నాకు వెంటనే వచ్చిన అనుమానం ఒకటే. అన్ని తరాలపాటు ఆ తెరలకు స్పేర్ పార్టులు ఎక్కడ దొరుకుతాయి?

కావ్య పడిపడి నవ్వింది. “గదే అన్నా కహానీ! దొరకయి. ఒక్కొక్కటే ఆగిపోతయి. ఆఖరికి ఒక్క తెర ఉంటది. అది కూడా పోయినంక పిల్లలకు ఏం మిగులుతదో నాకే సమజ్ అయితలేదు. ఎండింగ్ లేదింకా.”

ఎండింగ్ లేని సినిమాకు తెరలు వెలిగించే పని ఒప్పుకున్నాను. డబ్బుకు కాదు, నిజంగా కుతూహలం పుట్టింది. ఇన్నేళ్లుగా ఆ తెరల్లో పువ్వులూ మామిడిపిందెలూ తప్ప వేరేది చూసిన పాపాన పోలేదు.

వారం సెలవు రోజు షూటింగ్ పెట్టుకున్నాం. సేఠ్‌ది ఒకటే షరతు, తెల్లారి మగ్గాలు ఎప్పటిలాగే నడవాలి. ఆ కంట్రోలర్‌కు అక్షరాలు రావు, డిజైన్లే వస్తాయి. అందుకని ఓడ చెప్పే మాటల్ని కావ్య చీర డిజైన్ గీసినట్టే చుక్క చుక్కగా గీసి తెచ్చింది. మధ్యలో పుట్టి మధ్యలో పోయే తరం తెర మీద వదిలివెళ్లే మాటలు, నాలుగు వరసలు. ఏ భాష అంటే “మా ఇంట్లది” అంది. మోటారు ఆపి తెర మాత్రం నడిపాను. నీలం వెలుగులో గీత మెల్లగా అక్షరాల మీదుగా దిగుతుంటే నేనే నోరు వెళ్లబెట్టాను. సాయంత్రానికి అన్ని తెరల్లో పాత డిజైన్లు పెట్టేసి చాయ్ తాగడానికి బయటికి వెళ్లాను.

మర్నాడు పొద్దున్నే మల్లేశన్న ఫోన్. ఆ ఖాతాలో అందరికంటే పాత కారీగర్, అంటే నేతగాడు. కోసాడ్ కాలనీలో ఉంటాడు. నా చిన్నప్పుడు మా నాన్న పక్క మగ్గం ఆయనదే.

“తమ్మీ, జర జల్ది రా. మగ్గం తెలుగుల మాట్లాడుతుంది.”

వెళ్లి చూద్దును కదా, చీర రావలసిన చోట అక్షరాలు. నేను చాయ్‌కి వెళ్లినప్పుడు కావ్య ఇంకొక్క షాట్ కోసం ఒక మగ్గానికి తన ఫైల్ మళ్లీ ఎక్కించిందట. కంట్రోలర్ ఆఖరున చూసిన డిజైన్‌నే గుర్తుపెట్టుకుంటుంది. పొద్దున మల్లేశన్న స్విచ్ వేశాడు, మగ్గం దానికి తెలిసింది నేసింది.

“నేసుకుంట చూడలేదా అన్నా?” అన్నాను.

“ఏం జూస్తా తమ్మీ? ఈ మాల్ బోర్లేసి నేస్తం. ముంగటి బాజు కిందికుంటది, మనకు కనవడేది ఎన్కటి బాజు. నాలుగు మగ్గాలు తిరిగొచ్చి చూస్తే అక్షరాలు అద్దంల చూసినట్టున్నయి. అప్పుడు బంద్ వెట్టిన.” ఆయన గుడ్డ మీద జానలు వేసి చూపించాడు. “మొన్న అంచుల జర తప్పు వడ్డదని ఒకణ్ని తీసేసిండు సేఠ్. ఇది గింత బారు ఉంది. ఈ వయసుల నన్ను ఏ ఖాతాల వెట్టుకుంటరు?”

కావ్యకు ఫోన్ చేస్తే తడుస్తూ స్కూటీ మీద పరుగున వచ్చింది. ఆమె వెనకే సేఠ్ వచ్చాడు. ఆగిన మగ్గాన్ని దూరం నుంచే పసిగట్టాడు. పెళ్లికి పోతూ పిల్లిని చంకన పెట్టుకున్నట్టు ఈ సినిమాను తెచ్చి మల్లేశన్న బతుకు మీద పెట్టానే అని నన్ను నేను తిట్టుకున్నాను.

కావ్య ముందుకెళ్లి నిలబడింది. “కాకా, భూల్ మారీ ఛే. తప్పు నాది. ఆయనకు తెలియదు.”

సేఠ్ ఆమె వైపు చూడలేదు. చుట్టిన గుడ్డను వదులు చేసి, తిప్పి, ముందు వైపు పైకి పెట్టాడు. తెల్లటి నేల మీద ఎర్రటి అక్షరాలు, జానెడేసి ఉన్నాయి. ఆయనకు తెలుగు రాదు. వేలు పెట్టి తడిమాడు.

“యే క్యా లిఖా హై?” అన్నాడు మల్లేశన్నతో.

గుడ్డ మీద ఉన్నది ఇది: మేం ఎక్కలేదు. ఇక్కడే పుట్టాం. దిగేది. అంతే. అక్కడ మగ్గం ఆగింది.

మల్లేశన్న తన హిందీలో చెప్పాడు. “హమ్ చఢే నహీ, సేఠ్. ఇధర్‌హీ పైదా హుయే. ఉతర్నేవాలే...”

“ఉతర్నేవాలే కౌన్?”

“ఆగే నహీ ఆయా, సేఠ్. మషీన్ బంద్ కర్ దియా.”

సేఠ్ మా ముగ్గురినీ చూశాడు. కావ్య చెప్పేద్దామని నోరు తెరిచింది, ఆయన చెయ్యెత్తి ఆపాడు. కాసేపు ఆ సగం మాట దగ్గరే వేలు ఉంచి, “మేరా బాప్ భావ్‌నగర్ సే ఆయా థా,” అన్నాడు, ఎవరితోనో తెలియదు. “మైఁ తో ఇధర్‌కా.” వచ్చింది వాళ్ల నాన్న, ఈయన ఇక్కడివాడే. తర్వాత విసుగ్గా మల్లేశన్న మీద అరిచాడు. “దేఖతా క్యా హై? చాలూ కర్ నే! పూరా హోనే దే.”

మల్లేశన్న నమ్మలేక నావైపు చూశాడు. నేను తలాడించాను. మగ్గం మొదలైంది. సేఠ్ ప్లాస్టిక్ స్టూలు లాక్కుని కూర్చున్నాడు. నలుగురం తెర మీద గీతనే చూస్తూ ఉండిపోయాం. ఆఖరి వరస పూర్తయ్యాక మల్లేశన్న మగ్గం ఆపి, గుడ్డ కోసి, తిప్పి పరిచాడు.

మా పిల్లలు.

ఆయన దాన్ని హిందీలోకి మార్చి చెప్పేసరికి ఏడ్చాను. తెరలో నిన్న చూసిన అక్షరాలే, నిన్న ఏమీ అనిపించలేదు. సేఠ్ గుడ్డను మడతపెట్టి చంకలో పెట్టుకున్నాడు. “యే టుక్డా మేరా,” అన్నాడు. మల్లేశన్నను ఏమీ అనలేదు. గుమ్మం దగ్గర ఆగి కావ్యను మాత్రం చెడామడా తిట్టాడు, ఇకమీదట ఆమె పెన్‌డ్రైవ్ తన గేటు దాటకూడదన్నాడు. షూటింగ్‌కు ఆ ముక్క ఇస్తావా కాకా అని అడిగితే, ధోబీకి వేయకుండా తిరిగి ఇస్తేనే అన్నాడు.

కావ్య సినిమాకు అలా ఎండింగ్ దొరికింది. ఆఖరి తెర కూడా ఆరిపోతుంది. ఓడలో ఒక ముసలాయన యంత్రం కిందినుంచి గుడ్డ లాగి, తిప్పి, పిల్లల ముందు పరుస్తాడు. ఆ ముసలాయన మల్లేశన్నే. కాలేజీ హాల్లో ఇస్త్రీ చొక్కా వేసుకుని నా పక్కన కూర్చుని తనను తాను చూసుకున్నాడు. లైట్లు వేశాక చెవిలో అన్నాడు, “ఇన్నేండ్లు నేసిన తమ్మీ. తిప్పి సదివింది గదొక్కటే.”

పని నేర్పిన ఉస్తాద్ నాకు చెప్పింది, తెర వెలిగితే నీ పని అయిపోయినట్టే అని. అప్పటిదాకా అలాగే చేశాను. ఇప్పుడు ఏ ఖాతాకు వెళ్లినా ఒక జానెడు గుడ్డ దిగేదాకా ఆగి, వంగి, కిందివైపు చూసి గానీ సామాను సర్దుకోను. మల్లేశన్న మగ్గం దగ్గర వంగితే ఆయనకు వేళాకోళం.

“ఏంది తమ్మీ, ఏమన్న రాసిందా?”

“ఇంక లేదన్నా. పువ్వే.”

“రాస్తది తియ్. నడవనీ.”